వలయం తగ్గుతుంది, గీత మిగులుతుంది: ఏరియోలా సర్జరీకి ముందు తెలియాల్సిన సంగతులు

వరంగల్‌లో ఏ గాజుల దుకాణానికి వెళ్లినా ముందుగా వినపడే మాట సైజు. ‘రెండు నాలుగా, రెండు ఆరా?’ అని అడుగుతారు. అనుభవం ఉన్నవాళ్లయితే చేయి చూసి వాళ్లే చెప్పేస్తారు. రెండు నాలుగు గాజు లోపలి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్లు. చేతి కొలత నలుగురిలో చెప్పుకోవడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. చనుమొన చుట్టూ ఉండే ముదురు రంగు వలయం ఎంత ఉంటే మామూలు అన్న ప్రశ్న మాత్రం కన్నతల్లిని కూడా అడగలేరు. అడగలేక ఫోన్‌లో వెతికి, అక్కడ కనిపించిన ఫొటోలతో పోల్చుకుని, తమలోనే ఏదో లోపం ఉందని ఏళ్ల తరబడి లోలోపల కుమిలిపోయే ఆడవాళ్లున్నారు. మగపిల్లలూ ఉన్నారు. ఆ వలయాన్ని చిన్నది చేసే సర్జరీ ఉందని తెలిశాక ఇంకో టెన్షన్ మొదలవుతుంది. చేయించుకోవచ్చా? చేయించుకుంటే ఎట్లా ఉంటుంది?

డాక్టర్లు ఈ వలయాన్ని ఏరియోలా అంటారు. వయసొచ్చిన ఆడవాళ్లలో దీని వ్యాసం ఎక్కువగా 3 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. కొందరిలో అంతకంటే చిన్నగా, కొందరిలో చాలా పెద్దగా ఉంటుంది. రెండూ జబ్బు కావు. రొమ్ము పెద్దదైతే వలయం కూడా పెద్దగా ఉండడం సహజం. కుడి ఎడమల మధ్య కొంచెం తేడా దాదాపు అందరిలోనూ ఉంటుంది. మగవాళ్లలో సాధారణంగా 25 నుంచి 30 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు పది రూపాయల బిళ్లంత. ఆడవాళ్లకు ఈ సర్జరీ చేసేటప్పుడు సర్జన్లు పెట్టుకునే కొలత 38 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. రెండు నాలుగు గాజంత వలయం ఉన్నవాళ్లకు అది పెద్దగా అనిపించడంలో తప్పేమీ లేదు. కానీ పెద్దగా ఉండడం వేరు, లోపం ఉండడం వేరు. ఈ తేడా తెలియకుండా ఆపరేషన్ టేబుల్ దాకా వెళ్లకూడదు.

వలయం పెరగడానికి కారణాలు చాలావరకు మామూలువే. ఈడొచ్చే వయసులో కొందరికి పుట్టుకతో వచ్చిన తీరునుబట్టే పెద్దదవుతుంది. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల రొమ్ము పెరిగి, చర్మం సాగి, రంగు ముదురుతుంది. పాలు మాన్పించాక రంగు, కొలత కొంత తగ్గుతాయి. పూర్తిగా వెనక్కి రావాలని లేదు. బరువు బాగా పెరిగి తర్వాత తగ్గినా చర్మం సాగినట్టే ఉండిపోతుంది. వలయం మీద కనిపించే చిన్న చిన్న బుడిపెలు మాంట్‌గోమరీ గ్రంథులు. చనుమొన పొడిబారకుండా నూనెలాంటి పదార్థాన్ని వదలడం వాటి పని. వాటిని మొటిమలనుకుని గిల్లి, చీము పట్టించుకున్నవాళ్లూ ఉంటారు.

రంగు సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. ఈ సర్జరీ కొలతను తగ్గిస్తుంది, రంగును మార్చదు. రంగు కోసం మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కునే క్రీములు చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టర్ రాయకుండా ఇలాంటివి అమ్మకూడదని కేంద్రం 2018లోనే అనేక స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా చేతులు మారుతూనే ఉన్నాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. అలా పలచబడ్డ చర్మం మీద తర్వాత కుట్లు వేయాల్సి వస్తే కష్టం సర్జన్‌కే కాదు, మానాల్సిన గాయానికి కూడా. ఏ క్రీమూ, ఏ నూనె మర్దనా వలయాన్ని చిన్నది చేయదు.

ఇంకో జాగ్రత్త అందం సంగతి కంటే ముందు రావాలి. ఒకవైపు చనుమొన దగ్గరే దురద, పొలుసులు, పుండు పడి ఎంతకీ మానకపోతే దాన్ని గజ్జి అనుకుని వదిలేయకూడదు. పాజెట్స్ జబ్బు అనే ఒక రకం రొమ్ము క్యాన్సర్ సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. చనుమొన కొత్తగా లోపలికి లాక్కుపోవడం, రక్తం కారడం, చేతికి గడ్డ తగలడం కూడా అంతే. వీటిలో ఏది కనిపించినా వెళ్లాల్సింది కాస్మెటిక్ క్లినిక్‌కు కాదు. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానలో జనరల్ సర్జరీ ఓపీకి వెళ్లాలి. నలభై దాటినవాళ్లకు, ఇంట్లో రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లున్నవారికి రొమ్ముకు చేసే ఏ కాస్మెటిక్ ఆపరేషన్‌కైనా ముందు మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే లేదా స్కానింగ్ చేయించమని మంచి సర్జన్ అడిగి తీరతాడు. అడగని చోట అనుమానించడమే మంచిది.

ఇక సర్జరీలో ఏం జరుగుతుందో చూద్దాం. గీతలు గీయడం పేషెంట్‌ను కూర్చోబెట్టి లేదా నిలబెట్టి చేస్తారు, పడుకోబెట్టి కాదు. పడుకుంటే రొమ్ము పక్కకు జారి ఆకారం మారిపోతుంది. గిన్నె అంచు నొక్కి పూరీలు గుండ్రంగా కోసినట్టు, పిడి ఉన్న ఒక స్టీల్ రింగును చనుమొన నడిమికి వచ్చేలా చర్మం మీద నొక్కుతారు. ఆ అచ్చు కొత్త వలయానికి హద్దు. పాత వలయం బయటి అంచు వెంట ఇంకో గీత గీస్తారు. రెండు గీతల మధ్య ఉన్న చర్మం పైపొరను తీసేస్తారు. చాలామంది భయపడేట్టు చనుమొనను కోసి తీసి మళ్లీ అతికించరు. అది తన చోటనే, కింది కండతో, రక్తనాళాలతో, నరాలతో అంటుకునే ఉంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి చిన్న లెక్క చాలు. 7 సెంటీమీటర్ల వలయాన్ని 4కు తెస్తే తగ్గేది 3 సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. వైశాల్యం చూస్తే 38 చదరపు సెంటీమీటర్లు ఉన్నది పన్నెండున్నరకు వస్తుంది. అంటే మూడింట రెండు వంతుల ముదురు చర్మం పోతుంది. చుట్టుకొలత చూస్తే బయటి గీత 22 సెంటీమీటర్లు, లోపలి గీత పన్నెండున్నర. ఈ రెండు అంచులను కలిపి కుట్టాలి. మిగిలే తొమ్మిదిన్నర సెంటీమీటర్ల చర్మం ఎక్కడికి పోవాలి?

లంగాకు నాడా లాగితే ఏమవుతుందో తెలుసు కదా, అదే జరుగుతుంది. బయటి అంచు లోపలి నుంచి కరగని దారం ఎక్కించి, నాడా లాగినట్టు బిగించి, కావలసిన కొలతకు తెచ్చి ముడి వేస్తారు. చర్మం కుచ్చులు పడుతుంది. తర్వాత ఆ అంచును కొత్త వలయం అంచుకు సన్నని కుట్లతో కలుపుతారు. ఫ్రెంచ్ సర్జన్ బెనెల్లీ 1990లో ‘రౌండ్ బ్లాక్’ పేరుతో వివరించిన పద్ధతికి మూలం ఇదే. నాడా లాంటి ఆ దారం లోపలే ఉండిపోతుంది. అది లేకపోతే కుట్ల మీద నిత్యం లాగుడు ఉండి, కొన్ని నెలల్లోనే వలయం మళ్లీ సాగుతుంది, మచ్చ వెడల్పు అవుతుంది. అందుకే సంప్రదింపులో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ‘లోపల కరగని దారం వేస్తారా?’ అన్నదే. కొద్దిగా తగ్గించేవాళ్లకు అవసరం లేకపోవచ్చు. ఎక్కువ తగ్గించాలంటే దాని గురించి సర్జన్ స్పష్టంగా చెప్పగలగాలి.

ఈ లెక్కలోనే ఒక హద్దు కూడా ఉంది. బయటి గీత వ్యాసం లోపలి గీతకు రెండింతలు దాటకుండా చూసుకోవాలన్నది చాలామంది సర్జన్లు పాటించే నియమం. దాటితే కుచ్చులు విప్పుకోవు, రొమ్ము ముందుభాగం అదిమినట్టు చదునవుతుంది. బాగా జారిన రొమ్ము ఉండి, వలయం కూడా పెద్దదిగా ఉన్నవాళ్లకు ఒక్క గుండ్రటి కోత సరిపోదు. చనుమొన నుంచి కిందికి నిలువు కోత కూడా పెట్టి రొమ్మును పైకి ఎత్తాల్సి ఉంటుంది. అది వేరే ఆపరేషన్, పెద్ద ఆపరేషన్. ‘చిన్న కోతతోనే అన్నీ అయిపోతాయి’ అని చెప్పే చోట ఈ లెక్క గుర్తు చేసుకోవాలి.

వలయం ఒక్కదాన్నే తగ్గించడానికి ఒకటి నుంచి రెండు గంటలు పడుతుంది. చాలామందికి ఆ భాగం మొద్దుబారే ఇంజక్షన్ సరిపోతుంది. భయం ఎక్కువైతే మత్తు కూడా ఇస్తారు. అదే రోజు ఇంటికి పంపేస్తారు. ఆపరేషన్ మీద పెట్టిన ధ్యాసలో సగం కూడా తర్వాతి ఏడాది మీద పెట్టరు. ఫలితం తేలేది మాత్రం ఆ ఏడాదిలోనే.

ఎందుకంటే ఈ సర్జరీ ఒక మారకం. పెద్ద వలయం పోయి చిన్న వలయం వస్తుంది. దాని అంచున చుట్టూరా ఒక గీత, అంటే మచ్చ, ఎప్పటికీ ఉంటుంది. ముదురు చర్మం, లేత చర్మం కలిసే చోట పడుతుంది కాబట్టి మానాక అంతగా కనిపించదు. ఇంటర్నెట్‌లో చూపించే ఫొటోల్లో ఎక్కువ తెల్ల చర్మం వాళ్లవి. మన చర్మంలో రంగు ఎక్కువ. గాయం మానేటప్పుడు గీత నల్లబడడం, ఒక్కోసారి తెల్లబడడం మామూలే. మచ్చ ఉబ్బెత్తుగా లేచే గుణం, గాయం హద్దు దాటి పాకే కీలాయిడ్ గుణం కూడా తెల్ల చర్మంలో కంటే మన చర్మంలో ఎక్కువ. అందులోనూ ఛాతీ కీలాయిడ్ తరచుగా వచ్చే చోటు.

కీలాయిడ్ గుణం ఉందో లేదో కొంతవరకు ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎడమ భుజం మీద పసితనంలో వేసిన బీసీజీ టీకా మచ్చను వేలితో తడమండి. చర్మంతో సమానంగా, లేదా కొంచెం గుంటగా ఉంటే మంచిది. గట్టిగా, నున్నగా, ఎర్రగా లేచి ఉండి అప్పుడప్పుడు దురద పెడుతుంటే ఆలోచించాలి. చెవులు, ముక్కు కుట్టించుకున్న చోట, పెద్దాపరేషన్ అయిన తల్లులకు పొట్ట మీది కుట్టు దగ్గర కూడా ఇలాగే చూసుకోవాలి. అమ్మకో అక్కకో కీలాయిడ్ ఉంటే అది కూడా డాక్టర్‌కు చెప్పాలి. ఈ గుణం ఉన్నవాళ్లకు ఈ సర్జరీ వద్దనడమే నిజాయితీ. వలయం పెద్దగా ఉండడం కంటే దాని చుట్టూ తాడులా లేచిన మచ్చ ఉండడం ఎక్కువ బాధ పెడుతుంది, దురద పెడుతుంది, ఇంజక్షన్ల కోసం ఆస్పత్రి చుట్టూ తిప్పుతుంది.

మన దగ్గర ఈ ప్రశ్న ఎక్కువగా పెళ్లి కుదిరాక వస్తుంది. మాఘమాసంలో ముహూర్తం, సంక్రాంతికి ముందు క్లినిక్‌కు పరుగు. అది సరైన లెక్క కాదు. మొదటి రెండు మూడు నెలలు గీత ఎర్రగా, నల్లగా, చుట్టూ కుచ్చులతో ఉంటుంది. కుచ్చులు సర్దుకోవడానికి కొన్ని నెలలు, మచ్చ పండి మెత్తబడడానికి 6 నుంచి 12 నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. పెళ్లికి నెల ముందు చేయించుకుంటే, దాచుకోవాలనుకున్నదాని కంటే ఎక్కువ కనిపించే రోజుల్లోనే కాపురం మొదలవుతుంది. దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి. తర్వాత గర్భం వస్తే వలయం మళ్లీ సాగవచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్లు కాన్పులయ్యేదాకా ఆగడం మేలు. పాలు మాన్పించాక కూడా రొమ్ము స్థిమితపడేందుకు కనీసం 6 నెలలు ఇవ్వాలి. 18 ఏళ్లు నిండని అమ్మాయిలకు అసలు తొందరే వద్దు. ఎదుగుదల పూర్తి కానివ్వాలి.

పాల గురించి సూటిగా చెప్పాలి. ఈ ఆపరేషన్‌లో తీసేది పైచర్మం కాబట్టి పాల నాళాలు చాలావరకు కింద భద్రంగానే ఉంటాయి. అయినా కోత లోతుకు వెళ్తే కొన్ని నాళాలు, నరాలు దెబ్బతినవచ్చు, పాలు తగ్గవచ్చు. ‘పాలకు ఏమీ కాదు’ అని ఎవరూ హామీ ఇవ్వలేరు. స్పర్శ కూడా అంతే. మొదట్లో మొద్దుబారడం, లేదా బట్ట తగిలినా జివ్వుమనడం మామూలు. వారాల్లో, నెలల్లో చాలామందికి సర్దుకుంటుంది. కొద్దిమందికి తేడా అలాగే ఉండిపోతుంది.

అబ్బాయిల సంగతి కొంచెం వేరు. వాళ్లలో వలయం పెద్దదవడానికి తరచుగా కారణం రొమ్ము గ్రంథి పెరగడం, అంటే గైనకోమాస్టియా. ఈడొచ్చే వయసులో వచ్చేది చాలామందిలో ఒకటి రెండేళ్లలో తనంతట తానే తగ్గుతుంది. జిమ్‌లో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజక్షన్ల వల్ల వచ్చేదీ ఉంది. ముందు అది మానాలి, హార్మోన్ పరీక్షలు చేయించాలి. గ్రంథిని తీసేశాక సాగిన చర్మం, దాంతోపాటే వలయం, కొన్ని నెలల్లో కుంచించుకుంటాయి. అందుకే చాలామంది సర్జన్లు ఒకేసారి వలయం కోయకుండా 6 నెలలో ఏడాదో ఆగి చూస్తారు. ఆగితే చాలామందికి రెండో కోత అవసరమే ఉండదు.

ఎవరి దగ్గర చేయించుకోవాలన్నది తర్వాతి మాట. డాక్టర్ ఎంబీబీఎస్ చదివితే చాలదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ పట్టా ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి మెడికల్ కౌన్సిల్ జాబితాలో చూసుకోవచ్చు. అందులో నామోషీ లేదు. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి సౌందర్య చికిత్సలు మొదలుపెట్టడం తగిన శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. తమ చామనఛాయ పేషెంట్ల ఫొటోలు, అదీ ఏడాది తర్వాత తీసినవి, చూపించమని అడగండి. ఆపరేషన్ అయిన వారానికి తీసిన ఫొటోలతో పని లేదు.

ఊళ్లో తెలిసినవాళ్లు చూస్తారేమోనని కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లేవాళ్లే ఎక్కువ. ఆ మొహమాటం అర్థం చేసుకోదగినదే. కానీ ఒక్కసారి వెళ్లి రావడంతో అయిపోయే పని కాదిది. రెండు మూడు రోజులకు కట్టు చూపించాలి, వారం పది రోజులకు కుట్లు చూపించాలి, తర్వాత నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి. వరంగల్ నుంచి 140 కిలోమీటర్ల పైచిలుకు, ఆదిలాబాద్ నుంచైతే 300. రాత్రిపూట రొమ్ము ఒక్కసారిగా ఉబ్బితే అంత దూరం ఎట్లా వెళ్లాలో ముందే ఆలోచించుకోవాలి. దగ్గరలో కట్టు మార్చగల, అవసరమైతే చూడగల సర్జన్ ఒకరితో ముందే మాట్లాడి పెట్టుకుంటే ధైర్యం.

డబ్బు దగ్గర ఆశలు పెట్టుకోవద్దు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణం కాకపోతే కాస్మెటిక్ సర్జరీని ఆరోగ్య బీమా పాలసీలు మినహాయిస్తాయి. మామూలు వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉన్నా, అందం కోసం చేసే సర్జరీకి 18 శాతం పడుతుంది. అందుకే ఖర్చు రాతపూర్వకంగా తీసుకునేటప్పుడు సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్, మందులు, కట్లు, పన్ను అన్నీ ఉన్నాయో లేదో, రెండోసారి సరిచేయాల్సి వస్తే ఎవరు భరిస్తారో చూసుకోవాలి.

ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు సిగరెట్, బీడీ మానాలి, తర్వాత కూడా అన్ని వారాలు ముట్టకూడదు. పొగ సన్నని రక్తనాళాలను బిగపట్టిస్తుంది. వలయానికి రక్తం అందక కొంత చర్మం చచ్చిపోయే ముప్పు అరుదే అయినా పొగ తాగేవాళ్లలో ఎక్కువ. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు తమంతట తాము ఆపకుండా డాక్టర్‌ను అడగాలి.

నొప్పి మొదటి రెండు మూడు రోజులు. మామూలు మాత్రలతో తగ్గుతుంది. వాపు, కమిలినట్టు నీలిరంగు ఒకటి రెండు వారాలు ఉంటాయి. కూర్చుని చేసే ఉద్యోగానికి రెండు మూడు రోజుల్లో వెళ్లొచ్చు. బిందె ఎత్తడం, పసిపిల్లను చంకన ఎత్తుకోవడం, గతుకుల దారిలో స్కూటీ నడపడం, సిరిసిల్లలో మరమగ్గం దగ్గర నిలబడి చేతులాడించడం మాత్రం మూడు నాలుగు వారాలు ఆగాలి. రాత్రింబవళ్లు స్పోర్ట్స్ బ్రా వేసుకోవాలి. తీగ ఉన్నది వద్దు. ఉత్తర తెలంగాణ ఎండాకాలంలో ఇదే పెద్ద శిక్ష. 45 డిగ్రీల్లో చెమటకు కట్టు నాని, అంచు ఒరుసుకుని, గాయం చెడుతుంది. వీలైతే చలికాలం ఎంచుకోవడం మేలు.

ఇంట్లో పెద్దవాళ్లు పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ వద్దని, కారంమెతుకులతో పత్యం పెడతారు. ప్రేమతోనే పెడతారు. కానీ గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, తినేవాళ్లయితే కోడికూర మానకూడదు. కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె పూయకూడదు. గాయం పూర్తిగా మూసుకున్నాక, డాక్టర్ చెప్పినప్పుడు సిలికాన్ జెల్ మొదలుపెట్టి, కొన్ని నెలలు రోజూ వాడితే మచ్చ అణగడానికి సాయపడుతుంది.

ఒకవైపు మాత్రమే గబగబా ఉబ్బి బిగుసుకుపోవడం, వలయం నీలంగా నల్లగా మారుతుండడం, చీము, చలిజ్వరం, ఆగకుండా రక్తం కారడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. నెలల తర్వాత లోపలి దారం వేలికి గట్టిగా తగలడం, ముడి బయటికి పొడుచుకురావడం కూడా ఉంటుంది. అది చిన్న పనితో తీసేయగలిగేదే, దాని కోసం కంగారు పడనక్కర్లేదు.

భర్త ఏదో అన్నాడని, కాబోయేవాడు అంటాడేమోనని వచ్చే అమ్మాయిని డాక్టర్ ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. పక్కన ఎవరూ లేనప్పుడు ‘నీకేం కావాలమ్మా?’ అని అడిగితే వచ్చే జవాబు చాలాసార్లు వేరుగా ఉంటుంది. రోజుకు గంటలకొద్దీ అద్దం ముందు ఇదే ఆలోచనతో గడిపేవాళ్లకు ముందు మానసిక వైద్యుల సాయం కావాలి. కోత ఆ బాధను తీర్చదు. అవేవీ లేకుండా, లెక్క తెలిసి, తన కోసమే కావాలనుకునేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది ఫలితంతో తృప్తిగానే ఉంటారు. కుడి ఎడమల మధ్య కొంచెం తేడా మిగిలినా, గీత ఒకచోట వెడల్పయినా, సరిచేయాలా వద్దా అన్నది ఏడాది నిండాక, మచ్చ పూర్తిగా పండాక, మళ్లీ కూర్చోబెట్టి కొలిచి చూసి నిర్ణయిస్తారు.